కిరసనాయిలు కలిపిన రంగు

ప్లైవుడ్ చెక్క మీద ప్రైమర్ వెయ్యకుండా ఎనామిల్ రంగు వేస్తే మన గోదావరి వానలకి నెల తిరక్కుండా పొరలు లేస్తుంది. అందులో కిరసనాయిలు కలిపితే మూడు వారాలు. చెక్క తడిగా ఉన్నప్పుడే పూసేస్తే పదో రోజుకల్లా అప్పడంలా పొంగుతుంది. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు, నా అంతట నేనే కనిపెట్టాను. ఇంటర్మీడియట్ రెండేళ్ళలో నేను మనసుపెట్టి నేర్చుకున్న కెమిస్ట్రీ ఏదైనా ఉందంటే అదే.

తొంభైల చివర్లో సంగతి ఇది. రాజమండ్రిలో నేను చదివిన ఆడపిల్లల కాలేజీకి హాస్టలు ఒకప్పటి బియ్యం గోడౌను. లోపల చెక్క పలకలు అడ్డం పెట్టి గదులు చేశారు, గదికి ఎనిమిది మంచాలు వేశారు, బయట కాలేజీ పేరు రాశారు, అయిపోయింది. గోడౌనుకి కిటికీలు ఎక్కడుంటాయి? పైన, కప్పు దగ్గర. గాలి ఆడడానికే గాని మనిషి చూడడానికి కాదు. మంచం మీద ట్రంకు పెట్టె పెట్టి ఎక్కినా ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడేది కాదు. గోడౌనుగా ఉన్న రోజుల్లో బస్తాలకి కాపలా కాసిన ముసలాయనే మాకూ వాచ్‌మన్. పనిలో ఆయనకి పెద్ద తేడా తెలిసుండదు.

మాది నరసాపురం అవతల సముద్రం ఒడ్డున ఓ పేట. నాన్న వేటకి వెళ్ళేవాడు. వేట లేని రోజుల్లో పడవలకి రంగులు వేసి, వాటి మీద పేర్లూ నంబర్లూ రాసేవాడు. చదువు మూడో తరగతిలో ఆగిపోయింది గాని, అక్షరం రాస్తే మాత్రం అచ్చు గుద్దినట్టుండేది. రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడడం నా పని. ముందు పాత రంగు గీకాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి, రంగు పట్టుకోడానికి ప్రైమర్ కొట్టి ఎండనివ్వాలి, అప్పుడు ఒక కోటింగు, అది ఆరాక ఇంకొకటి. సముద్రం గాలితో పెట్టుకున్నాక తొందరపడితే కుదరదు. "ఆర్నెల్లు పోయాక ఆ పడవ ఎదురొత్తే మనం మొహం తిప్పుకోకూడదమ్మా" అనేవాడు నాన్న. ఆయన రంగు వేసిన పడవలు మా రేవులో అల్లంత దూరం నుంచే తెలిసిపోయేవి.

మా పేటలో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మొదటి ఆడపిల్లని నేనేనట. ఇంకేముంది, నన్ను బస్సెక్కించడానికి పేట పేటంతా తరలివచ్చింది. పక్కింటి పెద్దమ్మ ఎండు రొయ్యల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, "అన్నంలో నంజుకో తల్లీ, అక్కడేం పెడతారో ఏంటో" అంది. హాస్టల్లో అడుగుపెట్టిన గంటకే వార్డెన్ మేడం వాసన పట్టేసి, ఆ పొట్లాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గోడ మీంచి అవతలికి విసిరేశారు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రొయ్యలు ఇసకలేకుండా ఏరిన చేతులు నాకు తెలుసు.

పొద్దున్న నాలుగున్నరకి బెల్లు. అక్కణ్ణుంచి పడుకునేదాకా బెల్లులే. పళ్ళు తోముకోవడానికి బెల్లు, తినడానికి బెల్లు, తినడం ఆపడానికి బెల్లు. పండగలకీ సెలవులకీ ఇంటికి పంపేవారు కాదు. నెలకో ఆదివారం పదింటి నుంచి పన్నెండింటిదాకా అమ్మానాన్నలు వచ్చి వరండాలో కలవచ్చు, మేడం అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఫోను ఆవిడ గదిలోనే ఉండేది. ఉన్నా నాకేం లాభం, మా పేటలో ఎవరికీ ఫోను లేదు. ఉత్తరాలు మాత్రం రాసుకోనిచ్చేవారు. ఎలాగంటే, శనివారం అందర్నీ స్టడీ హాల్లో కూర్చోబెట్టి ఆవిడ చెప్తుంటే మేం కార్డుల మీద రాయాలి. "నేను క్షేమం. భోజనం బాగున్నది. శ్రద్ధగా చదువుకుంటున్నాను. మీరు బెంగ పెట్టుకోవద్దు." హాస్టలంతా ఒకే ఉత్తరం. పైన అడ్రసు ఒక్కటే ఎవరిది వాళ్ళది.

నాకు ఊపిరాడేది కాదు. ఇంటికి పోతాను బాబోయ్ అని అరవాలనిపించేది. కానీ ఎవరికి చెప్పను? ఉత్తరంలో రాయడానికి లేదు, వరండాలో అనడానికి లేదు. పోనీ ఎలాగో చెప్పి ఇంటికి పోయాననుకో, పేట పేటంతా బస్సెక్కించిన పిల్ల రెండు నెలలకే సంచి పట్టుకుని దిగిందంటే ఏ మొహం పెట్టుకుని తిరగను? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జూలైలో ఏదో ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు. హాస్టల్లో ఒక్క బోర్డూ లేదు. గదులకి నంబర్లు లేవు, మెస్ ఎక్కడో స్టడీ హాల్ ఎక్కడో రాసి లేదు. మేడం కంగారుగా క్లాసు క్లాసుకీ వచ్చి, "మీలో ఎవరి చేతిరాత బావుంటుందే?" అనడిగారు. నేను ఊరుకోవచ్చుగా? లేదు. "మా నాన్న పడవల మీద పేర్లు రాస్తారండి, నాకూ వచ్చండి" అని గొప్పకి పోయాను.

ఆ సాయంత్రం ఆవిడ గదిలో కూర్చుని బోర్డులు దేనితో చెయ్యాలీ అని చర్చ. 

"అట్ట ముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసి తగిలించేద్దాం" అన్నారు మేడం.

"అట్ట ఈ చెమ్మకి వారం ఉండదండి. రేకు మీద ఎనామిల్ వేస్తే ఏళ్ళూ పూళ్ళూ ఉంటుందండి."

"రేకెందుకే? గదులు కట్టినప్పుడు మిగిలిన ప్లైవుడ్ ముక్కలు స్టోర్‌రూములో బోలెడు పడున్నాయి. వాటి మీద రాయి. రంగు మాత్రం గులాబి. ఆడపిల్లల హాస్టలు కదా, చూడముచ్చటగా ఉంటుంది."

"గులాబి ఎండకి అన్నిటికంటే ముందు వెలిసిపోతుందండి. దాని మీద తెల్ల అక్షరం రాస్తే దూరానికి ఆనదండి."

"ఓయబ్బో, పెద్ద పెయింటరు బయల్దేరింది" అన్నారు గాని, కాదనలేదు.

ఈలోగా కాలేజీ నడిపే కరస్పాండెంటు గారి వాస్తు సిద్ధాంతి దిగాడు. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది కాబట్టి మెస్ బోర్డు ఎరుపుండాలన్నాడు. ఉత్తరం వైపు గదులకి ఆకుపచ్చ. స్టడీ హాలుకి పసుపు. పడమర గేటుకి నీలం. ఎక్కడా నలుపు కనపడకూడదు. అన్నీ బానే చెప్పాడు గాని, బాత్‌రూములు ఈశాన్యంలో ఉన్నాయి. ఈశాన్యంలో బాత్‌రూములు మహా దోషమట. పడగొట్టి కట్టడానికి కరస్పాండెంటు గారు ఒప్పుకోలేదు. సిద్ధాంతి చాలాసేపు ఆలోచించి, "అయితే అక్కడ బోర్డు పెట్టకండి" అన్నాడు. బోర్డు లేకపోతే బాత్‌రూము లేనట్టేనట. నేనున్న రెండేళ్ళూ ఆ బాత్‌రూములకి బోర్డు లేదు. కొత్తగా వచ్చిన పిల్లలు కాళ్ళు ముడుచుకుని వరండా అంతా వెతుక్కునేవాళ్ళు.

రంగులు కొనడానికి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాలి. ఏ రంగు తేవాలో నాకే తెలుసు కాబట్టి, గురువారం సాయంత్రం వాచ్‌మన్ తాతని తోడిచ్చి నన్ను పంపించారు. నెల రోజుల తరవాత గేటు దాటాను. రిక్షా బెల్లులు, జంగిడీ బుట్టలో జామకాయలు, బడి వదిలిన పిల్లల గోల, ఏది చూసినా నాకు పెళ్ళిలా ఉంది. రంగుల షాపాయన షేడ్ కార్డు తీసి నా ముందు పెట్టాడు. ఒక్క నీలంలోనే పన్నెండు నీలాలు. గేటు బోర్డుకి నేను ఏరి కోరి ముదురు నీలం తీసుకున్నాను. మా వైపు ఒడ్డు వదిలి లోపలికి పోయాక నీళ్ళు ఆ రంగులో ఉంటాయి.

తిరిగొచ్చేటప్పుడు తాత తిన్నగా రాలేదు. గోదావరి గట్టు వైపు తిప్పాడు. ఆయనకి చుట్ట కాల్చుకునే అలవాటు. హాస్టల్లో చుట్ట వాసనొస్తే మేడం చంపేస్తారు. అందుకని బయటికొచ్చినప్పుడే రేవు మెట్ల మీద కూర్చుని తీరిగ్గా కాల్చుకునేవాడట. "రెండు నిమిషాలు కూర్చోమ్మా, ఇప్పుడే వత్తాను" అని ఓ వారగా వెళ్ళి కూర్చున్నాడు. నేను చెప్పులు విప్పి ఆఖరి మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టాను. వరద నీళ్ళు, ఎర్రగా, చల్లగా. ఆ నీళ్ళు పోయి పోయి మా ఊరి దగ్గర సముద్రంలో కలుస్తాయని నాకు తెలుసు. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. తాత చూసీ చూడనట్టు అటు తిరిగి పొగ వదులుతున్నాడు. ఆ చుట్ట ఆరేదాకానే నాకు సెలవు. ఆయన చుట్ట మాత్రం చాలా పొడుగుది, చల్లగా ఉండాలి మహానుభావుడు.

అలా మూడు గురువారాలు వెళ్ళాను. బోర్డులు ఒళ్ళు దాచుకోకుండా చేశాను. రుద్దాను, ప్రైమర్ కొట్టాను, రెండేసి కోటింగులు వేశాను. ఆఖర్న మెస్ బోర్డొక్కటి మిగిలింది, ప్రైమర్ అయిపోయింది. "రేపే ఇన్‌స్పెక్షను, ఎలాగోలా కానియ్యవే" అని మేడం తొందరపెడితే ఉత్త చెక్క మీదే ఎరుపు పూసేశాను. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు, పోయారు. గేటు మూసేశారు. మళ్ళీ బెల్లులు.

ఆగస్టు వానలకి ఆ మెస్ బోర్డు బుడగలు బుడగలుగా లేచి, అన్నం ముద్దల్లోకి ఎర్రటి పెచ్చులు రాలడం మొదలుపెట్టింది. మేడం దాన్ని చూసి మొహం చిట్లించుకుని, "ఛ! ఈ ఊరి గాలికి ఏ రంగూ నిలవదు. గురువారం తాతని తీసుకెళ్ళి రంగు తెచ్చి మళ్ళీ రాయి" అన్నారు.

నాకు అప్పుడు వెలిగింది.

మళ్ళీ రాసిన మెస్ బోర్డుకి ప్రైమర్ వెయ్యలేదు. ఈసారి అయిపోయి కాదు. తరవాత స్టడీ హాలు బోర్డు ఉత్తరపు గాలికి మాసిందని చెప్పి దించాను. శుభ్రంగా ఉన్న రంగు గీకేసి, చెక్కని వానలో ఓ పూట నానబెట్టి, కరెంటు పోతే లాంతర్లకని ఉంచిన కిరసనాయిల్లోంచి కాస్త దొంగిలించి రంగులో కలిపాను. తొమ్మిదో రోజుకి పొంగింది. ఆ తరవాత ఆకుపచ్చ నంబర్లు. ఆ తరవాత గేటు బోర్డు. కెమిస్ట్రీ నోట్సు ఆఖరి పేజీలో ఏ బోర్డు ఏ వారానికి ఊడాలో పెన్సిలుతో రాసి పెట్టుకునేదాన్ని. అన్నీ ఒకేసారి ఊడితే అనుమానం వస్తుంది కదా. మేడం పాపం ప్రతిసారీ ఊరి గాలినే తిట్టేవారు. తాతకి మాత్రం అర్థమైపోయింది. బోర్డు పొంగినప్పుడల్లా నా వంక చూసి మీసం దువ్వుకునేవాడు. ఒక్కమాట అనలేదు. ఆయన చుట్ట ఆయనది, నా మెట్లు నావి.

సంతోషంగా ఉన్నానా అంటే, లేదు. ఆ పెచ్చులు చూస్తుంటే ఎక్కడో గుచ్చుకునేది. నాన్న చేతికింద పెరిగిన పిల్లని, రంగు నిలబెట్టడం తెలిసినదాన్ని, కావాలని ఊడగొడుతున్నాను. మొహం తిప్పుకోకూడదన్నాడు ఆయన. నేను రోజూ మెస్‌లోకి మొహం తిప్పుకునే వెళ్ళేదాన్ని.

కార్తీకంలో ఒక గురువారం. మెట్ల మీద కూర్చున్నాను. చేపల తట్ట దించుకుని కాళ్ళు కడుక్కుంటున్న ఒకావిడ నన్ను చూసి, "ఏ ఊరు పిల్లవే? నీళ్ళంటే అంత ఇదేంటే నీకు?" అంది. ఆ యాస మా అమ్మదే. బదులు చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. వారం రోజులుగా "ఎస్ మేడం", "ప్రెజెంట్ మేడం" తప్ప నేను ఇంకో మాట మాట్లాడలేదని అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ కాసేపు చూసి, "అయ్యో పిచ్చితల్లీ" అని తడిచేత్తో నా తల నిమిరి తట్టెత్తుకుని పోయింది. పదిహేను రోజులకోసారి ఓ చుట్ట కాలేంతసేపు ఊపిరి పీల్చుకుని బతకడం ఇంక నా వల్ల కాదనుకున్నాను. నన్ను దిగబెట్టి వెళ్ళాక వేట వల్ల రాలేకపోయిన నాన్న ఈ ఆదివారం వస్తున్నాడు. చెప్పేస్తాను. వరండాలో కాదు, వెళ్ళేటప్పుడు గేటు దాకా సాగనంపనిస్తారు, అక్కడ మేడంకి వినపడదు. "నన్ను తీసుకుపో నాన్నా" అని మూడు మాటలు. పేట నవ్వితే నవ్వనీ. ఆ మూడు మాటలూ మూడు రోజులు లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఆదివారం పదింటికి బెల్లు కొట్టగానే వరండాలోకి పరిగెత్తాను. అందరి నాన్నలూ ఉన్నారు, మా నాన్న లేడు. చూద్దును కదా, గేటు దగ్గర తాత కూర్చునే స్టూలు మీద ఎక్కి నిలబడి ఉన్నాడు మా నాన్న. ఎనిమిదింటికే వచ్చాడట. చంకలో మడతపెట్టిన ఖాళీ సంచి ఉంది. జూన్‌లో నా బట్టలు తెచ్చిన జిప్పు సంచే అది, ట్రంకు పెట్టె కొన్నాక వెనక్కి తీసుకెళ్ళాడు. మెయిన్ రోడ్డులో ఏమైనా కొనుక్కెళ్ళడానికి కాబోలు అనుకున్నాను. ఆయన చూపంతా నా నీలం బోర్డు మీదే ఉంది. 'వార్డెన్ గారి అనుమతి లేనిదే గేటు దాటరాదు.' ఆ వారం పొంగవలసిన బోర్డు అది. చెప్పినట్టే పొంగింది.

"ఇయ్యన్నీ నువ్వే రాసావంటగా అమ్మా? వాచ్‌మన్ గారు చెప్పారు" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

"రాత బానే ఉంది." గోటితో ఒక పెచ్చు లేపాడు. అడుగున ఉత్త చెక్క తెల్లగా కనపడుతోంది. "ప్రైమరేసావా?"

"వేశాను నాన్నా."

ఆయన ఆ తెల్ల చెక్క వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. పెచ్చుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. భూమి రెండుగా చీలి నన్ను మింగేస్తే బావుణ్ణనిపించింది. నాన్న స్టూలు దిగాడు.

ఈలోగా మేడం వచ్చేశారు. "మీ అమ్మాయి బంగారమండి. మాకు పెయింటరన్నవాడే అక్కర్లేకుండా చేసింది. ఏంచేస్తాం, ఈ ఊరి గాలికి రంగులే నిలవట్లేదు."

"ఆయ్, గాలి కాదండి మేడం గారూ" అన్నాడు నాన్న, తలొంచుకుని. "తమరు సాయంత్రం దాకా ఉండనిత్తే అన్నీ నేను సరిచేసేసి వెళ్తానండి. మా పిల్ల చేసిన పని ఇలాగుండకూడదండి."

మేడం ఎందుకు కాదంటారు? పన్నెండింటికి బయటికి పంపే మనిషి, సాయంత్రం దాకా ఉండమన్నారు. ఆ హాస్టల్లో అంతసేపు తండ్రి పక్కన గడిపిన పిల్లని నేనొక్కదాన్నే. గదుల్లోంచి అందరూ కుళ్ళుకుంటూ చూస్తున్నారు. నేనేమో రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను, చిన్నప్పటిలాగే. మేడం వేపచెట్టు నీడన కుర్చీ వేయించుకుని కదలకుండా కూర్చున్నారు.

స్టోర్‌రూములోంచి డబ్బాలు తెప్పించి మూత తీసి కలియబెట్టి చూశాడు నాన్న. "రంగు మేలైందే" అన్నాడు తనలో తాను. ప్రైమర్ డబ్బా సగానికి పైగా నిండుగా ఉంది. దాన్నీ చూశాడు. తిట్టినా బావుండేది. ఒక్కో బోర్డే దింపి అడుగంటా గీకాడు, రుద్దాడు, ఎండలో వరసగా పేర్చాడు. ప్రైమర్ ఆరేదాకా నీడలో కూర్చోకుండా, వంకర పోయిన మేకులు పీకి సరిచేశాడు. అంత ఒద్దికగా పనిచేస్తున్న మనిషిని చూస్తే నాకు కోపం ముంచుకొచ్చింది. ఒక్కో బోర్డు ఎండుతుంటే నా గురువారాలు ఒక్కొక్కటే పోతున్నాయి. నోట్సు ఆఖరి పేజీ అంతా ఆయన చేత్తోనే చెరిపేస్తున్నాడు, డబ్బా నా చేతిలో పెట్టి.

ఒంటిగంటన్నరకి మేడం భోజనానికి లేచారు. గేటు దగ్గర మేమిద్దరమే. నాన్న నీలం మీద తెల్లక్షరాలు దిద్దుతున్నాడు.

"నాన్నా" అన్నాను.

"ఊఁ."

"నేను..."

"కదలకమ్మా, డబ్బా ఊగిపోతంది." 'గేటు' అన్న మాటకి కొమ్ము లాగి, బ్రష్ పైకెత్తి చూసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "మేడం గారు ఏవన్నారో విన్నావా? బంగారం అన్నారు. మనోళ్ళ పిల్లని పట్టుకుని అంతమాట అన్నారమ్మా. మీ అమ్మకి చెప్తే నమ్మదు."

నా మూడు మాటలూ గొంతులోనే చచ్చిపోయాయి. ఆ మొహం చూస్తూ, తీసుకుపో అని ఎలా అనను? మేడం తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను డబ్బా ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

ఐదింటికి అంతా అయింది. బోర్డులన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరిసిపోతున్నాయి. గేటు దాకా సాగనంపాను. ఆయన రంగు మరకల గుడ్డలు ఆ ఖాళీ సంచిలో వేసుకుని, జిప్పు లాగి, ఒక క్షణం ఆగాడు. ఏదో అంటాడేమోనని చూశాను. "ఇంక ఐదేళ్ళు వీటి జోలికెళ్ళక్కర్లేదమ్మా. బాగా చదువుకో" అని తల నిమిరి వెళ్ళిపోయాడు. తాత గేటు మూసి గొళ్ళెం పెట్టాడు. బోర్డు లోపలివైపుకే తిరిగి ఉండేది, మేం చదువుకోవాలి కదా. తడి ఆరని అక్షరాలు నాకేసి చూస్తున్నాయి.

"మీ నాన్నగారు మంచి పనోరమ్మా" అన్నాడు తాత. అంత దిగులుగా ఒక మనిషిని మెచ్చుకోవడం నేనింతవరకూ వినలేదు.

ఆ రంగు ఊడలేదు. తుపాను వచ్చింది, ఊడలేదు. రోహిణి కార్తె ఎండ కొట్టింది, ఊడలేదు. ఒకసారి గుడ్డ కిరసనాయిల్లో ముంచి స్టడీ హాలు బోర్డుని అరగంట రుద్దాను, ఇంకా నిగనిగలాడింది. ఇంకోసారి గుండుసూది పట్టుకుని గేటు బోర్డు దగ్గరికి వెళ్ళాను, గీతలు పడితే వెలిసిపోతుందని. నాన్న దిద్దిన కొమ్ము కనపడింది. చెయ్యి రాలేదు. తరవాత నాన్న వచ్చినప్పుడల్లా ముందు బోర్డులు చూసుకుని, తృప్తిగా వచ్చి వరండాలో కూర్చునేవాడు. ఎలా ఉన్నావంటే బావున్నానన్నాను. ఆ మూడు మాటలు మళ్ళీ ప్రయత్నించలేదు. గేటు దాటకుండా ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. చదువు పూర్తయింది, పాసయ్యాను, అందరూ సంతోషించారు. నాకైతే ఇప్పటికీ తలుపు బయట గొళ్ళెం చప్పుడైతే ఒళ్ళు జలదరిస్తుంది.

చాలా ఏళ్ళకి, నాకు ఉద్యోగం వచ్చిన తరవాత, వేట ఆపే వేసవి రోజుల్లో ఇంటికి వెళ్ళాను. నాన్న ఒడ్డున పడవ బోర్లించి రంగు వేస్తున్నాడు. ఊరికే కూర్చోలేక డబ్బా అందుకున్నాను. మాటల్లో మాటగా, నవ్వుకుంటూ, కిరసనాయిలు సంగతీ గురువారాల సంగతీ చుట్ట సంగతీ అన్నీ చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన బ్రష్ ఆపేశాడు.

"కిరసనాయిలు వాసన ఆవేళే పట్టాను. బద్ధకించావనుకున్నా. మన పిల్ల పని చెడగొట్టి పోయిందంటారని..." అంటూ ఆగిపోయాడు. బ్రష్ డబ్బాలో పెట్టేసి, "ఆవేళ ఖాళీ సంచి దేనికి తెచ్చాననుకున్నావమ్మా?" అన్నాడు.

ఆ జిప్పు సంచి గుర్తొచ్చింది.

"మీ అమ్మ ఊరుకోలేదు. నీ ఉత్తరాలు మేష్టారి చేత చదివించుకునేది కదా. నాలుగు కార్డులు వరసపెట్టి చదివించుకుని, 'దీంట్లో మన పిల్ల మాట ఒక్కటీ లేదు, ఎల్లి తెచ్చెయ్యి' అని సంచి చేతికిచ్చి పంపింది. నీ బట్టలు సర్దుకుని వద్దామనే వచ్చాను."

నా చేతిలో డబ్బా ఒలికింది. దుఃఖమో కోపమో తెలీదు, అరిచినంత పని చేశాను. "మరి అడగలేదేం నాన్నా? వస్తావా అని ఒక్కమాట! పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ పక్కనే నిలబడ్డాను కదా!"

"అడుగుదామనే వచ్చాను తల్లీ" అన్నాడు. "గేటులోకొచ్చి వెనక్కి తిరగ్గానే ముందు ఆ బోర్డు కనపడింది."